చిన్న బొమ్మలు చేతికందే దూరంలో ఉండాలి

పోస్టుకార్డు అంత బొమ్మను హాల్లో సోఫా వెనక పెద్ద గోడకు, తలెత్తి చూసే ఎత్తులో తగిలిస్తే దాన్ని ఎవరూ చూడరు. గోడ మీద ఏదో ఉందని తెలుస్తుంది, అంతే. ఆ బొమ్మ గీసినవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకునో, బల్ల మీదికి వంగో గీసి ఉంటారు. కంటికీ కాగితానికీ మధ్య జానెడో మూరెడో దూరం. చూసేవాళ్లు కూడా ఇంచుమించు అంత దగ్గరకు రాగలిగితేనే గీత ఎక్కడ ఒత్తుగా పడింది, ఎక్కడ చెయ్యి తేలిపోయింది కనిపిస్తుంది. అందుకే నేను గోడలు చూసుకోను. ఇంట్లో మనుషులు ఎక్కడెక్కడ ఆగుతారో ముందు అది చూసుకుంటాను.

నా దగ్గర ఉన్నవన్నీ చిన్నవే. హైస్కూల్లో మాకు డ్రాయింగ్ చెప్పిన మాస్టారు ప్రతి సంక్రాంతికీ పోస్టుకార్డు మీద ఇండియన్ ఇంకుతో ఓ బొమ్మ వేసి పంపేవారు. వాటితో మొదలైంది. అమ్మ క్యాలెండర్ కాగితాల వెనక వేసిపెట్టుకున్న చుక్కల ముగ్గులు, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లల దగ్గర కొన్న భీమిలి పడవల పెన్సిల్ స్కెచ్‌లు, రైల్లో ఎదురు సీటు కుర్రాడు రిజర్వేషన్ ఫారం వెనక బాల్‌పెన్నుతో గీసిచ్చిన మా నాన్న ముఖం, మా ఆడపడుచు కూతురు క్రేయాన్లతో వేసిన చేపలు. ఉండేది విశాఖలో, ఎంవీపీ కాలనీలో అద్దె ఫ్లాటు. ఉప్పుగాలి, తేమ. ఇక్కడ చెప్పేవన్నీ ఆ గాలిలో నిలబడిన పద్ధతులు. అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో ఉంటే తేమ గురించి కాస్త తక్కువ, ఎండ గురించి ఎక్కువ ఆలోచించండి.

ఎక్కడ పెట్టాలి

మన ఇళ్లలో పటం అంటే గుమ్మం పైన, లింటెల్ ఎత్తులో, కాస్త ముందుకు వంచి కట్టేది. దేవుడి పటాలకీ పోయిన పెద్దవాళ్ల ఫొటోలకీ ఆ ఎత్తు సరిపోతుంది, అక్కడ తలెత్తి దణ్ణం పెట్టుకుంటాం కాబట్టి. ఏడడుగుల ఎత్తులో పెన్సిల్ బొమ్మ మాత్రం ఉన్నా లేనట్టే. నిలబడి చూసే చోట బొమ్మ నడిమి భాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. మ్యూజియాలవాళ్లు కూడా ఇంచుమించు ఇదే లెక్క పెట్టుకుంటారు. కూర్చుని చూసే చోట 110 నుంచి 115 చాలు. ఇంట్లో అందరూ పొట్టివాళ్లయితే ఇంకో రెండంగుళాలు దించండి, పుస్తకాల లెక్కకంటే మీ ఇంటివాళ్ల కళ్లు ముఖ్యం.

మా ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు హాలుకీ పడగ్గదికీ మధ్య ఉన్న సన్నటి నడవ. వెడల్పు మూడడుగులు. అందులో నిలబడినవాళ్లు వెనక్కి జరుగుదామన్నా జరగలేరు, బొమ్మ దగ్గరే ఉండాలి. పైగా కిటికీ లేదు, ఎండ పడదు. ఎందుకూ పనికిరాదనుకునే ఇలాంటి ఇరుకు చాలా ఫ్లాట్లలో ఉంటుంది. ఆ తర్వాత డైనింగ్ టేబుల్ పక్క గోడ, కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటికి ఎదురుగా. అన్నం తినేంతసేపూ మనిషి అక్కడి నుంచి కదలడు కదా. తల దువ్వుకునే అద్దం పక్కన ఒకటి, రాసుకునే బల్ల మీద ఒకటి.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. వంటింటి గోడకు వద్దు, పోపు ఆవిరి జిడ్డులా పట్టి దుమ్మును పట్టుకుని కూర్చుంటుంది. దేవుడి గదిలో దీపం మసి, అగరుబత్తి పొగ. బాత్రూం అవతలి వైపు గోడ తడి పీలుస్తుంది. ఏసీ కింద వద్దు. వానజల్లు తగిలే బయటి గోడ అన్నిటికంటే ప్రమాదం. అనుమానం ఉంటే వానాకాలంలో ఆ గోడకు జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు గోడ వైపు చెమ్మ కనిపిస్తే ఆ గోడను వదులుకోవాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో చాలా ఇళ్లకు కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా గదుల్లోకి కొట్టింది. అప్పటి నుంచీ సముద్రం వైపు కిటికీకి సూటిగా ఎదురున్న గోడ మీద నేను ఏ బొమ్మా పెట్టను.

వెలుతురు

కాగితం మీద వేసిన బొమ్మలకు మ్యూజియాల్లో 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే లెక్క) మించనివ్వరు. కిటికీ తెరిచిన గదిలో కొన్ని వందలు ఉంటుంది, నేరుగా పడే ఎండ అయితే వేలకు వేలు. ఇంట్లో 50 దగ్గర ఆపడం కుదిరే పని కాదు, కానీ ఏ బొమ్మ ఎంత ఓర్చుకుంటుందో తెలిస్తే చాలు. పెన్సిల్ గీత, మసితో చేసే ఇండియన్ ఇంకు వెలుతురికి వెలిసిపోవు, వాటి కింద కాగితం పసుపెక్కుతుందంతే. స్కెచ్ పెన్నులు, హైలైటర్లు, బాల్‌పెన్ను ఇంకు తొందరగా పోతాయి. నీటిరంగుల్లో కొన్ని గట్టివి, కొన్ని కావు. వంటింటి పసుపు కలిపి వేసిన రంగు ఎండ తగిలితే అసలు నిలవదు.

మీ గోడ సంగతి మీరే తేల్చుకోవచ్చు. ఒక తెల్ల కాగితం మీద నాలుగైదు స్కెచ్ పెన్నులతో అడ్డంగా చారలు గీసి, సగం మేర మందపాటి అట్టతో మూసి, బొమ్మ పెట్టాలనుకున్న చోటే అంటించండి. రెండు నెలల తర్వాత అట్ట తీసి రెండు సగాలూ పక్కపక్కన చూడండి. తేడా తెలుస్తోందంటే అక్కడ పెన్సిల్, ఇండియన్ ఇంకు బొమ్మలే పెట్టాలి.

నాన్న ముఖం బాల్‌పెన్నుతో గీసింది కాబట్టి దాన్ని నేను గోడకు పెట్టలేదు. మంచి స్కానింగ్ చేయించి, అదే సైజులో మందపాటి కాగితం మీద ప్రింటు తీయించి దాన్ని పటం కట్టించాను. అసలుది పెట్టెలో భద్రంగా ఉంది. నకలు పెట్టుకోవడం చిన్నతనమేమీ కాదు. వెనక ‘నకలు’ అని రాసిపెట్టండి, రేపు పిల్లలు తికమక పడకుండా.

పటం కట్టించేటప్పుడు

పేరున్న గ్యాలరీ షాపులకే వెళ్లక్కర్లేదు. పూర్ణా మార్కెట్ వైపు దేవుడి పటాలు కట్టే ఒక తాతగారి దగ్గరే నేను అన్నీ కట్టిస్తాను. ఆయన చెయ్యి చాలా నీటు. అయితే మనకేం కావాలో ముందే చెప్పాలి, ఎందుకంటే పటం కట్టేవాళ్ల అలవాటు వేరు: కాగితాన్ని వెనక అట్టకు జిగురుతో పూర్తిగా అతికించేస్తారు, మీద నేరుగా అద్దం పెడతారు. ప్రింటు పటానికి అది చాలు. చేత్తో గీసిన బొమ్మకు అదే చేటు.

“అతికించకపోతే కాగితం లేచిపోద్దమ్మా, చూడ్డానికి బాగోదు” అన్నారాయన మొదటిసారి.

“కాస్త లేచినా ఫరవాలేదు తాతగారూ, జిగురు మాత్రం వద్దు” అన్నాను.

కాగితం తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. చుట్టూ కదలడానికి చోటుంటే మళ్లీ తన స్థితికి వస్తుంది. అతికించేస్తే కదలలేక ముడతలు పడుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. పాత మైదా జిగురైతే పురుగుకి విందు. సెల్లోటేపు ఇంకా ఘోరం, కొన్నేళ్లకు గోధుమరంగు మరక కాగితంలోకి ఇంకి మరిక పోదు. లామినేషన్ గురించి ఎవరైనా సలహా ఇస్తే వద్దని చెప్పేయండి, ఒకసారి చేస్తే ఆ బొమ్మను బయటికి తీయడం ఎవరి వల్లా కాదు.

జిగురు బదులు నేను కాగితపు మూలలు వాడతాను. తయారుచేయడం తేలిక. యాసిడ్ లేని, అంటే బొమ్మను పాడుచేయని పల్చటి కాగితంతో ఒక సెంటీమీటరు వెడల్పు, రెండు సెంటీమీటర్ల పొడవు ముక్క కత్తిరించండి. పొడవైన వైపు అడ్డంగా ఉండేలా బల్ల మీద పెట్టండి. పై అంచున ఉన్న రెండు మూలలనూ కింది అంచు మధ్యకు మడవండి. పైన కొన, కింద వెడల్పు ఉన్న త్రికోణం వస్తుంది. మడతల మీద గోరుతో గట్టిగా రాయండి. మడతలు కిందికి ఉండేలా తిప్పి, బొమ్మ మూలను ఆ జేబులోకి దూర్చాలి. నాలుగు మూలలకీ నాలుగు. ఇప్పుడు ఈ త్రికోణాల వెనక భాగాన్ని మాత్రమే కింది మౌంట్ బోర్డుకు (బొమ్మ వెనక ఉండే మందపాటి అట్టకు) చిటికెడు జిగురుతో అంటించాలి, బొమ్మకు జిగురు తగలకూడదు. మరీ బిగించకండి, ఒక వెంట్రుకవాసి వదులుండాలి. మూలల దగ్గర త్రికోణం కొంచెం కనిపిస్తుంది. నాకది ఇబ్బంది అనిపించదు. కావలసినప్పుడు బొమ్మను జారవిడిచి చేతిలోకి తీసుకోగలగడం నాకు అంతకంటే ముఖ్యం.

అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ కోసం మధ్యలో కిటికీ కోసిన మౌంట్ కావాలి. అద్దం నేరుగా ఆనితే లోపల చెమ్మ పట్టి కాగితం అద్దానికి అతుక్కుంటుంది, మెత్తటి పెన్సిలైతే అద్దానికి అంటుకుని గీత పోతుంది. సైజు విషయంలో ఒక మంచి సంగతి ఉంది. మన పోస్టుకార్డు 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు, అంటే సుమారు ఐదున్నర, మూడున్నర అంగుళాలు. దాన్ని ఏ షాపులోనైనా దొరికే 8×10 అంగుళాల ఫ్రేములో పెడితే నాలుగు వైపులా సరిగ్గా రెండుంబావు అంగుళాల తెలుపు మిగులుతుంది. చిన్న బొమ్మకు ఆ మాత్రం తెలుపు చాలా మేలు చేస్తుంది, చూపు అటూ ఇటూ పోకుండా లోపలికి దిగుతుంది. నేను బొమ్మను పావు అంగుళం పైకి జరిపిస్తాను, పైన రెండు, కింద రెండున్నర. సరిగ్గా నడిమధ్య పెడితే కిందికి జారినట్టు కనిపిస్తుంది. ఇక కిటికీ సైజు బొమ్మకంటే కాస్త పెద్దదే కోయించండి, కాగితం అంచులు కనిపించాలి. రిజర్వేషన్ ఫారం చింపిన గరుకు అంచు, క్యాలెండర్‌కు మేకు గుచ్చిన చిల్లు కూడా ఆ బొమ్మలో భాగమే, వాటిని మౌంట్ కింద దాచేయడం నాకు ఇష్టం ఉండదు.

మౌంట్ రంగు తెలుపు, లేకపోతే మీగడ రంగు. షాపులో మెరూన్లూ నీలాలూ చూపిస్తారు, వద్దనండి. అద్దం మామూలు రెండు మిల్లీమీటర్లది చాలు. మెరుపు రాదని చెప్పే గరుకు అద్దం సన్నటి గీతల్ని మసకబారుస్తుంది. బొగ్గు, పాస్టెల్, మెత్తటి పెన్సిల్ బొమ్మలకు యాక్రిలిక్ షీటు వద్దు, తుడిచినప్పుడు పుట్టే కరెంటుకి పొడి లేచి దానికి పట్టుకుంటుంది. మిగతావాటికి ఫరవాలేదు, తేలిక కూడా. వెనక హార్డ్‌బోర్డుకీ బొమ్మకీ మధ్య యాసిడ్ లేని కాగితం ఒకటి అడ్డం వేయించండి, ఆపై చుట్టూ గోధుమరంగు పేపర్ టేపు సందు లేకుండా. వెండిరంగులో జారిపోయే రామబాణం పురుగుకి దారపు పోగంత సందు చాలు.

పటం ఇంటికి తెచ్చాక వెనక కింది రెండు మూలలకీ పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండేసి పొరలుగా అంటించండి. పటం గోడకు ఆనకుండా గాలి ఆడుతుంది. బల్లులు అక్కడ గుడ్లు పెట్టడం కూడా తగ్గుతుంది. అయినా నెలకోసారి పటం ఎత్తి వెనక చూడాలి.

అద్దె ఇంట్లో తగిలించడం

ఇంటి ఓనరు మేకు కొట్టొద్దంటారు. అంటించే పట్టీలు సున్నం గోడ మీదా డిస్టెంపర్ మీదా నిలవవు, పెచ్చుతో సహా ఊడి పడతాయి. నేను ఓనరు ఆంటీగారిని అడిగి రెండే రెండు చిల్లులకు ఒప్పించాను. నడవ పొడుగునా ఒక టేకు రీపరు, రెండు కొసల్లో స్క్రూలు, దానికి వరసగా చిన్న కొక్కేలు. ఆరు మిల్లీమీటర్ల బిట్టుతో చిల్లు, ప్లాస్టిక్ ప్లగ్గు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ. ఇనుప స్క్రూలు, ఇనుప క్లిప్పులు సముద్రం దగ్గర పెట్టకండి, తుప్పు కారి కాగితానికి పట్టిందంటే వదలదు. రీపరు నుంచి నైలాన్ దారంతో పటాలు దించితే ఎత్తు కూడా ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు.

ఇంతకంటే నాకు నచ్చింది బద్ద. వడ్రంగి చేత నాలుగంగుళాల వెడల్పు చెక్క బద్ద చేయించి, ముందు అంచుకి అరంగుళం గట్టు పెట్టించాను, పటాలు జారకుండా. దాని మీద పటాలను గోడకు చేరవేసి నిలబెట్టడమే. మేకులు, దారాలు, లెవెల్ చూడ్డాలు ఏమీ ఉండవు. ఎవరైనా వచ్చి చూస్తూంటే ఆ పటాన్ని తీసి చేతికివ్వొచ్చు. డైనింగ్ టేబుల్ పక్కన ఉన్నది ఇదే. పెద్దవాళ్లు కళ్లద్దాలు సర్దుకుని పటాన్ని దగ్గరికి తీసుకుని చూస్తారు, గోడ మీదుంటే వాళ్లు లేచి వెళ్లరు.

గోడకు తగిలించే ముందు పటాలన్నీ దుప్పటి మీద పరిచి చూసుకోండి, ఫోనుతో ఫొటో తీయండి. పటానికీ పటానికీ మధ్య రెండంగుళాలు. బేసి సంఖ్యలో పెట్టాలని, ఒకే సైజువి పెట్టాలని చాలామంది చెబుతారు, నేను పట్టించుకోను. ఏది దేని పక్కన ఉంటే రెండూ బాగా కనిపిస్తాయో అదొక్కటే చూస్తాను. భీమిలి పడవల పక్కన పిల్ల వేసిన క్రేయాన్ చేపలు పెట్టినప్పుడు పడవల్లో వలలు నాకు కొత్తగా కనిపించాయి, అంతకుముందు పడవల చెక్కలే చూసేదాన్ని. అమ్మ ముగ్గు పక్కన మాత్రం ఏదీ ఇమడలేదు. అది అద్దం పక్కన ఒంటరిగా ఉంది.

అన్నీ ఒకేసారి వద్దు

వంద బొమ్మలుంటే ఏడెనిమిది బయట పెట్టండి, మిగతావి లోపల. చేర్యాల నకాషీ పటం, అంటే కథంతా బొమ్మలుగా వేసిన పొడవాటి చుట్ట, చూసినవాళ్లకు తెలుసు, కథ చెప్పేవాళ్లు చుట్టను మొత్తం ఒకేసారి విప్పరు, కథ నడిచిన కొద్దీ ఒక్కో బొమ్మా తెరుచుకుంటుంది. ఊరి జనం ఆ ఒక్క బొమ్మనే కళ్లప్పగించి చూస్తారు. ఇంట్లో కూడా ఎప్పుడూ అవే బొమ్మలుంటే మన కళ్లు వాటిని దాటిపోతాయి. మేం సంక్రాంతికీ దసరాకీ బూజులు దులిపేటప్పుడు మార్చేస్తాం. దానికి వేరే రోజు పెట్టుకుంటే ఎప్పటికీ అవదు. లోపల ఉన్న బొమ్మలకు వెలుతురు నుంచి విశ్రాంతి కూడా.

లోపల పెట్టడమంటే బీరువా అడుగున చీరల కింద తోసేయడం కాదు. మూత గట్టిగా పడే అట్టపెట్టెలో, ఒక్కో బొమ్మనూ యాసిడ్ లేని కాగితాన్ని రెండుగా మడిచి అందులో పెట్టి, పడుకోబెట్టి ఉంచాలి. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు, ఇంకు వాటికి అంటుకుపోతుంది. కలరా ఉండలు కూడా వద్దు. ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి బొమ్మలకు తగలకుండా పెట్టె మూలన పెట్టొచ్చు, దాంతో పాటు రెండు సిలికా జెల్ పొట్లాలు. బీరువా బయటి గోడకు ఆని ఉంటే అరచెయ్యి పట్టేంత ముందుకు జరపండి.

ఈ పెట్టె కూడా ప్రదర్శనే అని నా అభిప్రాయం. ఇంటికొచ్చినవాళ్లకు ఆసక్తి ఉందనిపిస్తే చాప వేసి, చేతులు కడుక్కుని రమ్మని, పెట్టె మధ్యలో పెడతాను. మడత విప్పి చూడ్డం, పక్కవాళ్లకు ఇవ్వడం. పోస్టుకార్డులకైతే ఇదే సరైన పద్ధతి. వాటికి రెండు వైపులు ఉన్నాయి కదా, ఒకవైపు బొమ్మ, రెండోవైపు అడ్రసు, స్టాంపు ముద్ర, మాస్టారి దస్తూరి. పటం కడితే ఒక వైపే దక్కుతుంది. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఆయన పెద్ద చిత్రాలతో ఆగిపోకుండా స్కెచ్‌ల దగ్గర కూడా కాసేపు నిలబడండి. 1925లో 27 ఏళ్లకే మశూచితో పోయిన మనిషి చెయ్యి ఎంత హుషారుగా కదిలిందో ఆ గీతల్లోనే తెలుస్తుంది. చిన్న బొమ్మను ఎంత దగ్గర నుంచి చూడాలో అక్కడ మీకే అర్థమవుతుంది.

ఇక వివరాలు రాసిపెట్టుకోవడం. ఎవరు గీశారు, ఎక్కడ, ఎప్పుడు, దేనితో, ఎలా మీ దగ్గరికి వచ్చింది. 2బి పెన్సిలుతో, మెత్తగా, బొమ్మ వెనక కాకుండా దాన్ని పెట్టిన మడత కాగితం మీదో మౌంట్ వెనకో రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తిడికి అచ్చు ముందుకు తేలుతుంది. గీసినవాళ్లు మన మధ్య ఉండగానే ఫోను చేసి అడగడం మంచిది. పిల్లల బొమ్మలకైతే ‘ఇదేంటమ్మా’ అని అడిగి వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయండి. మా ఆడపడుచు కూతురి చేపల మౌంట్ వెనక ‘ఇవి స్కూలుకెళ్తున్నాయి, పెద్దది టీచరు’ అని ఉంది. ఆ వాక్యం లేకపోతే ఎడమ వైపు చేపకు కళ్లద్దాలు ఎందుకున్నాయో ఎవరికీ తెలిసేది కాదు.